మా మేనకోడలి గదికి మూడో రంగు

మన ఇళ్లల్లో బిడ్డ పుట్టకముందే గదికి రంగులేసి, ఉయ్యాల కట్టి రెడీగా ఉంచడం తక్కువ. సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగొస్తుంది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు అమ్మానాన్నల మధ్యే పడక. బిల్డర్ ప్లాన్‌లో 'చిల్డ్రన్స్ బెడ్‌రూమ్' అని రాసిన గదిలో ఇస్త్రీ బట్టలు, సూట్‌కేసులు, బియ్యం బస్తా ఉంటాయి.

కూకట్‌పల్లిలో మా అక్కావాళ్ల ఫ్లాట్‌లోనూ అంతే. పాపకి నాలుగేళ్లప్పుడు బిల్డర్ వేసిన క్రీమ్ కలర్ మీద ముదురు గులాబీ వేయించారు. గోడ నిండా యువరాణి స్టిక్కర్లు. బర్త్‌డే ఫొటోలకి పనికొచ్చిందేగానీ పాప అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. నన్నడిగితే అది పాప గది కాదు, అక్క సరదా.

ఈ వేసవిలో పాపకి పదేళ్లు నిండాయి. "మామయ్యా, నా రూమ్‌కి గ్రీన్ వేయించవా? లైట్ కాదు, డార్క్ గ్రీన్. ఇకనుంచి నేను అక్కడే పడుకుంటా" అంది. అక్కకి రంగుతో పేచీ లేదు, ఆ చివరి మాటతోనే. "చీకటంటే భయంరా దీనికి, అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది" అని మొదలుపెట్టింది. మా అమ్మది ఇంకో గొడవ. "గదిని నల్లబల్లలా చేస్తారా?"

పెయింటర్ మేస్త్రీ మధ్యేమార్గం చెప్పాడు. పదికి పది గది, నాలుగు గోడలూ ముదురు రంగైతే ఇరుగ్గా కనిపిస్తుంది, లైటు చాలదు. మంచం తల వైపు గోడ ఒక్కటే గ్రీన్, మిగతా మూడూ ఆఫ్‌వైట్. స్టిక్కర్లు లాగితే వాటితోపాటు లప్పం కూడా పెచ్చులుగా ఊడొచ్చింది. మళ్లీ లప్పం, రుద్దుడు, ఆపైన ప్రైమర్. గులాబీ మీద నేరుగా ఆఫ్‌వైట్ వేస్తే అడుగు రంగు తొంగిచూస్తూనే ఉంటుందట. కోటుకీ కోటుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఆరాలి.

నేను పట్టుబట్టింది కిటికీ గ్రిల్ దగ్గర. బిల్డింగ్ 2005 నాటిది, గ్రిల్ మీద అప్పటి ఆయిల్ పెయింటే ఉంది. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న రూల్ మన దేశంలో అమల్లోకొచ్చింది 2017 నవంబర్‌లో. అంతకుముందు రంగుల్లో ఎంతుందో చెప్పలేం. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, సీసం పిల్లల మెదడుకి మంచిది కాదు. అందుకే తడి వాటర్ పేపర్‌తో పైపైన రుద్దించి, తడిగుడ్డతో తుడిపించి, దానిమీదే కొత్త రంగు వేయించాం. ఆ మూడు రోజులూ పాప వాళ్ల నానమ్మ ఇంట్లో.

అసలు పేచీ ముందే వచ్చింది. తలుపు వెనక గోడ మీద ప్రతి పుట్టినరోజుకీ అక్క గీసిన పెన్సిల్ గీతలున్నాయి. 98 సెంటీమీటర్ల నుంచి 136 దాకా ఏడు గీతలు. "వాటిమీద కూడా వేసేయండి, చిన్నపిల్ల రూమ్‌లా ఉంది" అంది పాప. అక్క ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసుకుంది. ఫొటో తీసుకుందాం అన్నాన్నేను. "నా ఫోన్లో పన్నెండు వేల ఫొటోలున్నాయి బామ్మర్దీ, ఎవడు చూస్తున్నాడు?" అన్నారు బావ.

మేస్త్రీ ఎవర్నీ అడక్కుండా ఆ గీతలకి అటూ ఇటూ నాలుగు వేళ్ల వెడల్పున మాస్కింగ్ టేప్ అంటించేశాడు. పాప కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. తలుపు తెరిస్తే ఆ గులాబీ పట్టీ తలుపు చాటున పడిపోతుంది, ఫ్రెండ్స్‌కి కనపడదు. మూసుకుంటే లోపలున్న తనకొక్కదానికే కనిపిస్తుంది.

రంగు వాసన పోయాక మొదటి రెండు రాత్రులూ తలుపు ఓరగా తీసుంచాలని ఒప్పందం. మూడో రాత్రి పాప తలుపేసుకుంది. అక్క హాల్లో టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంది. ఏం సీరియల్ అంటే చెప్పలేకపోయింది. నేను బయల్దేరుతుంటే, "గ్రీన్ డబ్బాలో కొంచెం మిగిలిందిగా, మూత గట్టిగా బిగించావా?" అని అడిగింది. బిగించాను. షేడ్ నంబర్ మూత మీద రాసి, అటక మీద పెట్టాను.