రైలా? కారా?

వేసవి సెలవులు వచ్చాయంటే కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా పోయి రావాలనే కోరిక ప్రతి ఇంట్లోను పుడుతుంది. పోవలసిన ఊరు ఖాయమైన తరువాత వచ్చే ప్రశ్న ఒక్కటే. రైలులో పోదామా, కారులో పోదామా?

మన ప్రాంతంలో చాలా కాలం ఈ ప్రశ్నకు మనం ఉన్న ఊరే జవాబు చెప్పేది. మా కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల, 1871లో పూర్తయిన ముంబయి-చెన్నై రైలు మార్గం మీద ఉన్నాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్లు 2016లో ఎర్రగుంట్ల-నంద్యాల లైనులో రైళ్లు నడిచేదాకా బస్సులో వచ్చి ఎర్రగుంట్లలోనో, ముద్దనూరులోనో రైలు ఎక్కవలసి వచ్చేది. పులివెందుల వాళ్లకు ఇప్పటికీ ఊళ్లో రైలు లేదు. రైలున్న వాళ్లు రైలెక్కారు, లేని వాళ్లు బస్సో జీపో ఎక్కారు. ఆలోచించే పని ఉండేది కాదు.

ఇప్పుడు మన పిల్లలు కువైట్‌లోను, అమెరికాలోను, ఇంగ్లండులోను ఉన్నారు. వాళ్లను చూడడానికి పోయిన తల్లిదండ్రులకు అక్కడ కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మా అమ్మాయి లండనులో నర్సుగా పనిచేస్తున్నది. 2024 వేసవిలో నేను, నా భార్య ఆ దేశం పోయి వచ్చాము. అక్కడ ఈ ప్రశ్న మా ఇంట్లో ఎలా తేలిందో రాస్తే, అలాంటి ప్రయాణం పెట్టుకున్న వారికి కొంత ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉపాధ్యాయునిగా పనిచేసిన నాకు రెండు చోట్లు చూడాలని చిన్ననాటి నుండి ఆశ. మొదటిది స్కాట్లండులోని బ్లాంటయర్, డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరు. 1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ 1822లో మన కడపకు వచ్చింది. జమ్మలమడుగులో మన తాతల కాలం నుండి ఎందరికో ప్రాణం పోసిన క్యాంబెల్ ఆసుపత్రి ఆ మిషను వారిదే. లివింగ్‌స్టనును ఆఫ్రికాకు పంపినదీ వారే. రెండవది వేల్సులోని బాలా. సండేస్కూలులో మనందరం విన్న మేరీ జోన్స్, బైబిలు కొనుక్కోవడానికి 1800లో నడిచి వెళ్లిన ఊరు అది.

అల్లుడు వారం రోజులు సెలవు తీసుకున్నాడు. ఏడుగురు పట్టే కారు ఒకటి పాతది కొన్నాడు. "మామా, మీరేమీ అనుకోవద్దు. శుక్రవారం తెల్లవారుజామున డ్యూటీ దిగుతాను. అట్లే బండి తీస్తే సాయంత్రానికి ఎడింబరోలో ఉంటాము" అన్నాడు. గోదాములో అతనికి రాత్రి పని. లండను నుండి ఎడింబరో రోడ్డు మీద 640 కిలోమీటర్లకు పైమాటే. ఎక్కడా ఆగకపోయినా ఏడెనిమిది గంటలు పడుతుంది.

కారుకు అనుకూలమైన మాటలు చాలానే ఉన్నాయి. మేము నలుగురం పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు. సామాను ఒక్కసారి డిక్కీలో పెడితే దిగేదాకా మోసే పని లేదు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. వేళకు స్టేషను చేరాలనే ఆత్రం ఉండదు. ఆ దేశంలో కూడా మనలాగే రోడ్డుకు ఎడమ వైపునే నడుపుతారు. మన దేశపు లైసెన్సుతో అక్కడ చిన్న బండ్లను పన్నెండు నెలలదాకా నడపవచ్చు. "అట్లయితే నేనూ కొంత దూరం నడుపుతాను" అన్నాను. అది కుదరలేదు. లైసెన్సు ఉంటే చాలదు, ఆ కారు బీమాలో నడిపేవారి పేరు కూడా ఉండాలి. మా అమ్మాయికి డ్రైవింగు రాదు. అంటే మొత్తం భారం అల్లుని మీదనే.

ఇక రైలు సంగతి. లండను కింగ్స్ క్రాస్ స్టేషను నుండి ఎడింబరోకు సుమారు నాలుగున్నర గంటలు. అక్కడ కుటుంబాలకు రాయితీ కార్డు ఒకటి ఉంది. 2024లో దాని ధర సంవత్సరానికి 30 పౌండ్లు. నలుగురు పెద్దలు, నలుగురు పిల్లల వరకు ఆ ఒక్క కార్డు మీద పోవచ్చు. పెద్దల టికెట్టులో మూడవ వంతు, పిల్లల టికెట్టులో నూటికి అరవై తగ్గుతుంది. ఐదేళ్లు నిండని పిల్లలకు టికెట్టే లేదు. ముందుగా కొంటే ఇంకా చౌక. కానీ అలా కొన్న టికెట్టు ఆ ఒక్క బండికే చెల్లుతుంది, అది తప్పితే డబ్బు పోయినట్లే. రైలే ఆలస్యమైతే మాత్రం నష్టపరిహారం ఇస్తారు. ఇంత చేసినా లెక్క వేస్తే పెట్రోలు ఖర్చు కన్నా రైలు ఖర్చే ఎక్కువ తేలింది. అల్లుడు నవ్వి, "చూస్తిరా మామా" అన్నాడు.

నా భార్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అల్లుని ముందు ఏమీ అనలేదు. వంటింట్లో కూతురితో, "అమ్మీ, రాత్రంతా మేలుకొని పగలంతా బండి తోలేది వద్దనమ్మా" అని మాత్రం అన్నదట. ఎందుకన్నదో మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలా ఏండ్ల క్రిందట ఆమె తమ్ముడు కువైట్ నుండి వచ్చే బంధువును తీసుకురావడానికి చెన్నై విమానాశ్రయానికి పోయినాడు. రాత్రికి రాత్రి తిరుగు ప్రయాణం. తెల్లవారుజామున డ్రైవరుకు కన్ను మూతపడింది. కారు ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నది. ఇంటికి ఇంకా రెండు గంటల దారి ఉన్నది. తమ్ముడు ఇల్లు చేరలేదు. మన జిల్లాలో గల్ఫుకు పోయి వచ్చే కుటుంబాలకు ఇలాంటి తెల్లవారుజాములు కొత్త కాదు.

మరునాడు నేను అల్లునితో ఒంటరిగా మాట్లాడాను. "నాయనా, నీ డ్రైవింగు మీద మాకు అనుమానం లేదు. కానీ నిద్ర ఎవరి మాటా వినదు. మీ అత్త భయం నీ మీద కాదు, ఆ వేళ మీద" అన్నాను. అతడు చాలాసేపు పలకలేదు. తరువాత అన్న మాట నేను మరచిపోలేను. "మా నాయన బతికినన్ని దినాలు ఒకరి జీపు తోలినాడు మామా. ఒక్క దినమన్నా మా అమ్మను అందులో కూర్చోబెట్టి ఊరు చూపించలేదు. మిమ్మల్నయినా నా కారులో తిప్పాలని ఆశపడితిని."

ఆ మాట విన్నాక రైలే మేలు అని గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకరి భయం ఎంత నిజమో, మరొకరి ఆశ కూడా అంతే నిజం. కుటుంబంలో ఒక మాట నెగ్గాలంటే రెండవ మాట ఓడిపోవాలనే నియమం లేదు. అబ్రాహాము లోతుతో కలహం రాకుండా, నీకు నచ్చిన వైపు నీవే ఎంచుకో అని చిన్నవానికి ముందు అవకాశమిచ్చాడు గదా. నేనూ ఆ పనే చేశాను. "దూర ప్రయాణం ఎట్లా చేయాలో, దగ్గర ప్రయాణం ఎట్లా చేయాలో నువ్వే చెప్పు నాయనా" అన్నాను. ఆ సాయంత్రం అతడే వచ్చి చెప్పాడు. "స్కాట్లండుకు రైలు. వేల్సుకు నా కారు. మధ్యలో రెండు రాత్రులు ఇంట్లో నిద్రపోతాను." ఎక్కువైన ఖర్చు గురించి మా అమ్మాయి, "అది మా అమ్మ నిద్రకు ఖరీదులే" అన్నది.

రైలులో బల్లకు అటూ ఇటూ కూర్చొని చిత్రాన్నం తిన్నాము. డరమ్ దగ్గర కొండ మీది పెద్ద దేవాలయం కిటికీలోనుంచే కనిపించింది. న్యూకాసిల్ దాటినాక కుడిచేతి వైపు సముద్రం. తొమ్మిదేండ్ల మనవడు, నాలుగేండ్ల మనవరాలు కిటికీ వదలలేదు. అల్లుడు మాత్రం చాలాసేపు నిద్రపోయినాడు. అతని తల భుజం మీదికి వాలినప్పుడల్లా నా భార్య నా వైపు చూచింది. మరునాడు గ్లాస్గో మీదుగా బ్లాంటయర్ చేరాము. స్టేషను నుండి కొద్ది నిమిషాల నడక. లివింగ్‌స్టన్ కుటుంబమంతా ఒకే ఒక్క గదిలో కాపురమున్నది. పదేండ్ల వయసు నుండి అతడు నూలు మిల్లులో రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తూ, యంత్రం మీద పుస్తకం పెట్టుకొని చదివాడు. ప్రొద్దుటూరు పత్తి మిల్లులు, మైలవరం మగ్గాలు ఎరిగిన మనకు ఆ గది కొత్తగా తోచదు.

బాలాకు కారు తప్ప వేరే మంచి దారి లేదు. ఒకప్పుడు అక్కడికీ రైలు ఉండేది. నష్టం వస్తున్నదని ఆ దేశంలో ఎన్నో లైన్లు మూసివేసిన కాలంలో, 1965లో, అదీ పోయింది. ఆ పాత దారిలో కొంత మేర ఇప్పుడు చెరువు గట్టున చిన్న రైలు నడుపుతున్నారు, పిల్లలకు వేడుక. అల్లుడు తెల్లవారి తిని బయలుదేరి, రెండు గంటలకొకసారి పావుగంట ఆపాడు. అక్కడి ప్రభుత్వపు రోడ్డు నియమాల పుస్తకం చెప్పేదీ అదే. పిల్లలు పన్నెండేండ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా వారికి ప్రత్యేకమైన సీటు ఉండాలని చట్టం. మలుపుల దగ్గర రోడ్డు మీదనే రెండు భాషల్లో 'నెమ్మది' అని రాసి ఉంటుంది. నా భార్య ముందు సీటులో కూర్చొని దారి పొడుగునా అల్లునితో ఊరి కబుర్లు చెప్పింది. అతడు ఎంత సంతోషంగా ఉన్నాడో వెనుక కూర్చొని చూశాను.

బాలా చెరువు ప్రక్కన లాన్నికిల్ అనే చోట పాత దేవాలయం, దాని ఆవరణలో థామస్ చార్లెస్ గారి సమాధి ఉన్నాయి. ఆరేండ్లు పైసా పైసా కూడబెట్టిన పదిహేనేండ్ల పేద పిల్ల సుమారు నలభై కిలోమీటర్లు నడిచి వచ్చింది ఆయన దగ్గరికే. 1804లో బైబిలు సొసైటీ పుట్టడానికి ప్రేరణగా ఆ నడకనే చెప్పుకుంటారు. ఆమెకు రైలూ లేదు, కారూ లేదు.

పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు దారి ఎంచుకునే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకుంటే మంచిది. బండి నడిపేవారు ముందు రాత్రి నిద్రపోయారా? మార్చి నడపడానికి ఇంకొకరు ఉన్నారా? పోయే చోటికి రైలు ఉందా, స్టేషను నుండి ఎంత నడక? కారులోని చిన్నలకు, ముసలివారికి ఎంతసేపు కూర్చునే ఓపిక ఉంది? డబ్బు లెక్క వీటి తరువాత వేయండి. చెన్నై విమానాశ్రయం నుండి ఇంటికి వచ్చే దారికి కూడా ఈ ప్రశ్నలే. తిరిగి వచ్చినప్పుడు మా విమానం అర్ధరాత్రి దిగింది. ఆ రాత్రి చెన్నైలోనే బంధువుల ఇంట్లో పడుకొని, మరునాడు పగటి పూట బయలుదేరి కొండాపురం చేరాము.