ఒక జానెడు దూరం

చాచా జనాజా నమాజ్ చదవాలా వద్దా అని మా గల్లీలోనే బహస్ నడిచింది. జిందగీ అంతా కల్లు కాంపౌండ్‌లో గడిపినోడికి మన దువా ఏం పనికొస్తదని ఒక పెద్దమనిషి అన్నాడు. ఇమాం సాబ్ ఒక్క మాటతో తెంపేశారు. తాగేవాడు గునాగారే గానీ దీన్ నుంచి బయటికి పోడు, కల్మా చదివిన మనిషికి జనాజా నమాజ్ ఫర్జె కిఫాయా, మీరెవరూ రాకపోతే నేనొక్కణ్నే చదువుతా అన్నారు. అందరూ వచ్చారు. ఆ పెద్దమనిషి కూడా వచ్చి సఫ్‌లో నిలబడ్డాడు. నేను ముందు సఫ్‌లోనే ఉన్నాను గానీ నాలుగు తక్బీర్లు ఎప్పుడయ్యాయో తెలియలేదు. 2015 సెప్టెంబర్ మాట ఇది. రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

చాచా అబ్బాకన్నా చిన్న. మెదక్ బస్టాండ్ అవతల పంక్చర్ దుకాణం ఉండేది. ట్యూబుకు ఎక్కడ చిల్లుపడిందో నీళ్లలో ముంచకుండానే చెవి పెట్టి చెప్పేవాడు. పొద్దున దుకాణం, పగటీలి నుంచి కల్లు. 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది గానీ చాచాకు రాలేదు. ఎవరేమన్నా ఒకటే జవాబు: "క్యా కరూఁ బేటా, మేరీ తఖ్దీర్ మే ఇచ్ ఐసా లిఖా హై."

ఒకసారి ఫుప్పు చెవుల బుందేలు మాయమయ్యాయి. కుదువబెట్టి తాగాడు. అప్పుడూ అదే తఖ్దీర్ మాట ఎత్తబోతే ఫుప్పు ఊరుకోలేదు. "మేరే బుందే ఉఠాయే సో హాత్ కిస్ కా థా? తఖ్దీర్ కా?" అని అడిగింది. చాచా తల వంచుకున్నాడు. ఆ రాత్రి కూడా ఆమే అన్నం పెట్టింది.

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు నా ఒత్తులు చూసి క్లాసంతా నవ్వేది. పద్యం చదవమంటే చెమటలు పట్టేవి. అలాంటి నాకు ఒక కథ మాత్రం నిఘంటువు లేకుండా అర్థమైంది. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ కథ. మంచి ఇంట్లో పుట్టి, ఆస్తంతా తగలేసి, తల్లిదండ్రుల్ని ఏడిపించిన కొడుకు. అక్క అత్తగారింటి నుంచి పనిగట్టుకొని వస్తుంది. తిట్టదు. కూర్చోబెట్టి, తినిపించి, మెల్లగా చెబుతుంది. నాలుగు రోజులు బుద్ధిమంతుడిలా ఉంటాడు. ఒక రాత్రి ఇంట్లో సొమ్ములన్నీ ఊడ్చుకొని పోతాడు. అక్క ముక్కర కూడా పోతుంది. సార్ పాఠం చెబుతుంటే నాకు కనబడింది ఏ అగ్రహారమూ కాదు, మా ఫుప్పు బోసి చెవులు. కవి ఆ అక్కకు పేరు కూడా పెట్టలేదు. తర్వాత ఎప్పుడో లైబ్రరీలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆమె మీద ఏకంగా ఒక వ్యాసమే రాశారని చూసి, మా ఇంటి మనిషికి ఎవరో సలాం చెప్పినట్టు ఖుష్ అయ్యాను.

కానీ కథ ఆఖరు నాకు హజం కాలేదు. నిగమశర్మ నరసింహ క్షేత్రంలో ప్రాణం విడిచాడు కాబట్టి తరించాడట. భాగవతంలో అజామిళుడిదీ దాదాపు ఇదే దారి. (పోతన భాగవతం అంటాం గానీ ఆరో స్కంధం తెలుగు చేసింది ఏర్చూరి సింగన.) చావుబతుకుల్లో చిన్నకొడుకును నారాయణా అని పిలిస్తే విష్ణుదూతలు దిగివచ్చి యమదూతలతో బహస్ పెట్టుకున్నారు. పిలిచింది కొడుకునే కదా సార్, ఇందులో నియ్యత్ ఏది అని అడిగాను. నియ్యత్ అన్న మాటకు క్లాసు మళ్లీ నవ్వింది. సార్ నవ్వలేదు. "దూతలు వదిలిపెట్టాక అజామిళుడు ఏం చేశాడో చదివినవా?" అన్నారు. చదవలేదు. చదివితే తెలిసింది, బతికి బయటపడ్డాక తన బతుకు తల్చుకొని కుమిలి, ఇల్లు వదిలి గంగాద్వారానికి నడిచిపోయాడు. ముందు రహమత్, తర్వాత తౌబా. నేను చిన్నప్పటి నుంచి విన్నది ఉల్టా వరస.

మన దగ్గర కూడా ఈ ముఖద్దమా పాతదే. మనిషి గాలిలో ఈకలాంటివాడు, ఏ ఇఖ్తియారూ లేదన్నారు జబ్రియా వాళ్లు. తన పనులు తనవే, లేకపోతే దోజఖ్ ఇన్సాఫ్ ఎట్లా అవుతదన్నారు ముతజిలా వాళ్లు. అషరీలు మధ్యలో నిలబడ్డారు: పుట్టించేది అల్లాహ్, కమాయించుకునేది బందా. ఈ కస్బ్ సంగతి నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. హజ్రత్ ఉమర్ మాట అర్థమైంది. షామ్‌లో తాఊన్ ఉందని తెలిసి ఆయన దారిలోంచే లష్కర్‌ను వెనక్కి తిప్పితే, అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నావా అని అబూ ఉబైదా అడిగారు. ఔను, అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్ వైపుకే పోతున్నా అన్నారు ఆయన. ఒక దిక్కు పచ్చిక, ఒక దిక్కు బీడు ఉంటే ఒంటెను ఎటు మేపినా అది తఖ్దీరే కదా అని కూడా అడిగారు. ఇక మౌలానా రూమీ మస్నవీలో చెప్పింది మా చాచా కోసమే అనిపించేది: తప్పు చేశాక ఇబ్లీస్ నువ్వే నన్ను దారి తప్పించావన్నాడు, ఆదం అలైహిస్సలాం మేమే మా మీద జుల్మ్ చేసుకున్నామన్నారు. నేను ఈ కిస్సా చాచాకు ఎన్నిసార్లు వినిపించానో లెక్కలేదు. వినేవాడు. సాయంత్రం మళ్లీ పోయేవాడు.

సెప్టెంబర్ కథకు వస్తా. ఆ నెల నిజామాబాద్, మహబూబ్‌నగర్, మా మెదక్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమయ్యాయి. ఏళ్ల తరబడి కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలిపి అమ్మిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ మందు ఒక్కసారిగా ఆగేసరికి వందల మంది దవాఖానాల పాలయ్యారు. చేతుల వణుకు, నాలుక తడబడడం, ఫిట్స్, సోయి లేని మాటలు. ప్రాణాలు కూడా పోయాయి. నేను వార్డులు తిరిగి రాశాను. వీళ్లు తాగుబోతులు కాదు, మరీజులని రాశాను. సీసా పట్టుకున్న చెయ్యి వాళ్లదే, కానీ అందులో ఏం కలిసిందో ఎంచుకున్నది ఎవరని అడిగాను. డెస్క్‌లో షాబాష్ అన్నారు.

అదే వారం ఒక రాత్రి, ఇషా అయిపోయాక, చాచా మా తలుపు కొట్టాడు. వణుకుతున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. "ఫజర్‌కు మసీదుకు తీస్కపో బేటా. వుజూ ఒక్కణ్నే చేస్కోలేను, చేతులు ఆగ్తలేవు. నువ్వు పట్టుకో." అంతకుముందు రంజాన్‌లో ఇట్లాగే వచ్చి టోపీ, కుర్తా కొనుక్కుంటానని 500 తీసుకొని నేరుగా కాంపౌండ్‌కు పోయాడు. నాకు అదే యాదికొచ్చింది. "ముందు నషా దిగనీ చాచా. జుమాకు చూద్దాం లే" అన్నాను. లోపల కంప్యూటర్ మీద ఆ వార్తే సగం టైపు చేసి ఉంది.

చాచా తాగి లేడు. మూడు రోజులుగా చుక్క ముట్టలేదని ఫుప్పు తర్వాత చెప్పింది. జుమా రాకముందే, ఫజర్ వేళకు, ఆమె అరుగు మీద ఫిట్స్ వచ్చి పోయాడు.

బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉన్న హదీస్ మీకు తెలిసిందే. తొంభై తొమ్మిది ఖూనీలు చేసినవాడు తౌబా ఉందా అని ఒక రాహిబ్‌ను అడుగుతాడు. లేదంటాడు రాహిబ్. అతణ్నీ చంపి వంద చేస్తాడు. తర్వాత ఒక ఆలిమ్, నీకూ తౌబాకూ మధ్య అడ్డం వచ్చేదెవరు, మంచివాళ్లుండే ఫలానా ఊరికి పో అంటాడు. దారిలోనే మౌత్. రహమత్ ఫరిష్తాలూ అజాబ్ ఫరిష్తాలూ నాకంటే నాకని బహస్ పడితే నేల కొలిచారు. మంచి ఊరికి ఒక జానెడు దగ్గరగా తేలాడు. ఈ హదీస్ ఎప్పుడు విన్నా నా ధ్యానమంతా ఆ ఖాతిల్ మీదే ఉండేది. రాహిబ్ నాకు పట్టనే లేదు. చాచా పోయినంక అతనే కండ్ల ముందర కూర్చున్నాడు. ఇబాదత్ చేసేవాడే, చెడ్డవాడేం కాదు. అడిగినోడికి లేదని చెప్పాడు. నేను లేదని కూడా చెప్పలేదు, జుమాకు చూద్దాం అన్నాను.

మొదటి సీసా చాచా ఇఖ్తియారే. అందులో నాకు షక్ లేదు. వెయ్యో సీసా ఎవరిదో నాకు తెలియదు. ఆ రాత్రి తలుపు దగ్గర ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలుసు.

నలభై రోజుల తర్వాత ఈ సంగతంతా ఫుప్పుకు చెప్పాను. కోపగించుకుంటుంది అనుకున్నా. చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుంది. ఆ రోజు ఉతికి తీగ మీద ఆరేసిన చాచా కుర్తా మడతపెట్టి ఆమె సందూక్‌లోనే ఉంది. తర్వాత అడిగింది, "మా ఇంటి నుంచి మసీదుకు ఎటు పోవాలె?"

"మా ఇంటి ముందర నుంచే కదా ఫుప్పు."

"మరి నీ ఇంటి దాకా వచ్చిండు కదా" అంది.