కారుగారి అలక

మన ఇళ్ళల్లో ఏ వస్తువు మొరాయించినా ముందు తిట్లు, ఆ తర్వాతే మరమ్మతు. మిక్సీకైనా కారుకైనా ఇదే మర్యాద. అదెందుకు అలిగిందో కనుక్కునే ఓపిక ఎవరికుంది చెప్పండి!

ఈమధ్య చాలా కార్లలో క్రూయిజ్ కంట్రోల్ అని ఒకటి వస్తోంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా మీట నొక్కితే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా కారు అదే వేగంతో సాగిపోతుంది. బ్రేకు మీద కాలు వేస్తే చాలు, పట్టు వదిలేస్తుంది. దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరుకి చిన్నతనంలోనే చూపు పోయింది. ఆయన్ని కార్లో తీసుకెళ్ళే లాయరుగారు తను మాట్లాడేటప్పుడు నెమ్మదించి, వినేటప్పుడు వేగం పెంచేవారట. ఆ కుదుపులు పడలేకే ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. 1950లో పేటెంటు దొరికింది, 1958లో క్రిస్లర్ కార్లలోకి ఎక్కింది. మావారి పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పెద్దమనిషి మీద జాలి పొంగుకొస్తుంది!

క్రితం నెల హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూంటే ఆ మీట ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు.

"పోనిద్దూ, కాలుందిగా తొక్కడానికి" అన్నారు మావారు.

నిజమే, అది లేకపోతే కొంపలేం మునగవు. కానీ కారణం తెలియకపోతే నాకు అన్నం సయించదు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు మా మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"బ్రేకు తొక్కితే వెనకాల లైట్లు వెలుగుతున్నాయామ్మా?" అన్నాడు.

తలనొప్పి అంటే కాలు చూపించమన్నట్టుంది! అయినా, "ఏమండీ, ఓసారి బ్రేకు తొక్కండి" అని వెనక్కెళ్ళి చూద్దును కదా, ఒక్క దీపమూ లేదు. పొద్దు వాలుతోంది. రోడ్డు మీద వరసగా లారీలు. మనం ఆగుతున్నామని వాళ్ళకెలా తెలుస్తుంది? నా గుండె గుభేలుమంది.

అక్కడి మెకానిక్ ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. పాడైంది బ్రేకు పెడల్ పైనున్న చిన్న స్విచ్చి. చాలా కార్లలో దానికి రెండు కొలువులు: వెనక దీపాలు వెలిగించడం, క్రూయిజ్‌ని పట్టు వదలమని చెప్పడం. దాని కబురు సరిగా అందకపోతే కారు ఆ పట్టు పట్టనే పట్టదు. "నన్ను ఆపే దారి ఉంటేనే పరిగెడతాను" అని భీష్మించుకుంటుంది. స్విచ్చి మార్చగానే దీపాలూ వెలిగాయి, మీటా పలికింది.

దీపాలు వెలుగుతున్నా క్రూయిజ్ పలకకపోతే కారణాలు వేరే. గేర్ల బండిలో క్లచ్ స్విచ్చి, చక్రాల వేగం చెప్పే సెన్సరు చూడాలి. మరీ నెమ్మదిగా పోతున్నప్పుడు అసలు పట్టదు, అది జబ్బు కాదు.

మీ కారులో ఈ హంగు లేకపోయినా సరే, ఇవాళ చీకటి పడ్డాక ఎవరినైనా బ్రేకు తొక్కమని వెనక నిలబడి చూడండి. తోడు లేరా? కారు వెనక భాగం గోడకి దగ్గరగా పెట్టి మీరే తొక్కండి. అద్దంలో గోడ ఎర్రబడిందా, నిశ్చింతగా వెళ్ళి పడుకోండి.