మన మాట అవతలికి చేరనప్పుడు

2004లో సునామీ వచ్చి అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయినప్పుడు హామ్ రేడియోవారే క్షేమసమాచారాలు చేరవేశారు. వారు మాటలే కాదు, అక్షరాలూ పంపగలరు. ఆ పద్ధతి రేడియో టెలిటైప్, ముద్దుపేరు రిట్టీ. మన హాస్టల్లో చదివి ఇప్పుడు ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ చేస్తున్న మేము దానితో పడిన పాట్లు మీతో పంచుకుంటున్నాం.

రిట్టీలో ప్రతి అక్షరానికీ అయిదు బిట్లు. వాటిని మార్క్, స్పేస్ అనే రెండు సంకేతాలుగా పంపుతారు. మార్క్ పైన, స్పేస్ దానికి 170 హెర్ట్జులు కింద ఉండాలి. వేగం 45.45 బాడ్.

మా క్లబ్ స్టేషన్లో ఒక చిక్కు వచ్చింది. అవతలివారు పంపింది మాకు చక్కగా అందుతోంది. మేము పంపింది మాత్రం వాళ్ళకు పిచ్చి అక్షరాలుగా చేరుతోంది. "తెలుగు మీడియం కదా, ఇంగ్లీషు టైపు రాక అలా పోతోంది" అని కొందరు నవ్వారు. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. అలాంటి మాటలు మాకు కొత్త కాదు. జవాబు చెప్పకుండా పరీక్ష మొదలుపెట్టాం.

లైసెన్సున్న మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, సిగ్నల్ బయటికి పోకుండా యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ తగిలించాం. రిట్టీలో ట్రాన్స్‌మిటర్ పంపినంతసేపూ ఆగకుండా పనిచేసి వేడెక్కుతుంది కనుక పవర్ సగానికి తగ్గించాం. మరో రిసీవర్, మరో కంప్యూటర్ పెట్టి మా సిగ్నల్ మేమే పట్టాం. వేగం సరిగానే ఉంది. 170 హెర్ట్జుల తేడా సరిగానే ఉంది. కేబుల్ మార్చాం, ఫలితం లేదు. చివరికి ఆ రెండో కంప్యూటర్లో 'రివర్స్' బటన్ నొక్కాం. అంతే! మా వాక్యం ఒక్క తప్పూ లేకుండా తెరమీదకు వచ్చింది.

అంటే మార్క్ ఉండాల్సిన చోట స్పేస్ పోతోంది. అందుకునేది సౌండ్ కార్డు దారిన, పంపేది కీయింగ్ తీగ దారిన. అందుకే ఒకటి బాగుండి ఒకటి చెడింది. సెట్టు మెనూలో పోలారిటీ కొన్ననాటి నుంచీ తిరగబడే ఉంది. అంతకుముందు అక్కడ ఎవరూ రిట్టీ వాడలేదు కనుక బయటపడలేదు. అది సరిచేసి, యాంటెన్నా తగిలించి పిలిస్తే అవతలి స్టేషన్ మా కాల్‌సైన్‌ను ఉన్నదున్నట్టు తిరిగి పంపింది.

తమ్ముళ్ళారా! సెమినార్లలో, ఇంటర్వ్యూల్లో మీకూ ఈ పరిస్థితి వస్తుంది. అందరి మాటా మీకు అర్థమవుతుంది, మీ మాట మాత్రం వారికి చేరదు. లోపం మన పుట్టుకలోనో మన మీడియంలోనో ఉందని ఎవరన్నా ఒప్పుకోకండి. ఒక్కొక్క భాగాన్నీ విడదీసి చూడండి. తిరగబడింది ఎక్కడో దొరుకుతుంది.