పెట్రోలు దొంగ

మా కారు 2011లో హైదరాబాదులో కొన్నది. నేను రిటైరయ్యాక నాతోపాటు అదీ బెజవాడ చేరింది. లీటరుకి 15 కిలోమీటర్లు ఏ పేచీ లేకుండా నడిచేది. కిందటి వేసవిలో ఆ లెక్క 11కి దిగింది.

మనిషి బుద్ధి ఎలాంటిదో చూడండి: నాకు కారుమీద అనుమానం రాలేదు, మా బావమరిది మీద వచ్చింది.

వాడుండేది మా పక్కవీధిలోనే. వారానికి రెండుసార్లు కారు తీసుకెళ్ళేవాడు. షికారుకి కాదు లెండి. మా అత్తగారిని మోకాళ్ళ వైద్యానికి తీసుకెళ్ళడానికి. అయినా సరే, ముప్ఫై ఏళ్ళు సర్కారు లెక్కలు చూసిన ప్రాణం కదా, డైరీలో మీటరు అంకెలు రాయడం మొదలెట్టాను. ఒకరోజు భోజనాల దగ్గర, "ఏమోయ్, ఈ ఊళ్ళో పెట్రోలు ఆవిరైపోతోందా ఏమిటి?" అన్నాను. వాడు పెరుగన్నం కలపడం ఆపి నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. మర్నాటినుంచి అత్తగారు ఆటోలో వెళ్ళసాగారు. మా ఆవిడ మాట్లాడ్డం మానలేదు గాని, "కాఫీ అక్కడ పెట్టాను" అన్న తర్వాత రెండో ముక్క లేదు.

ఇంతలో ఇంజను బొమ్మ వున్న పసుపుపచ్చ దీపం వెలిగింది. మొదట చూపించిన షెడ్డులో కాటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన ఖరీదు వినేసరికి కారే అమ్మేద్దామనిపించింది. చివరికి ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీ దగ్గరికి తోలుకెళ్ళాను.

ఆయన స్టీరింగు కింద ఏదో యంత్రం గుచ్చాడు. పి0135 అని కనిపించింది. "కన్వర్టర్ సంగతి తర్వాత సార్. ముందు ఆక్సిజన్ సెన్సార్ చూద్దాం" అన్నాడు.

పొగగొట్టంలో దూర్చిన పింగాణీ ముక్కులాంటిదిట అది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటరుకి చెబుతుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే సెన్సారు 0.9 వోల్టుల దాకా లేస్తుంది, గాలి ఎక్కువైతే 0.1 దాకా దిగుతుంది. ఆరోగ్యంగా వున్నది ఈ రెంటిమధ్యా ఉయ్యాలలా ఊగుతూనే వుంటుంది. 300 డిగ్రీలు వేడెక్కితేగాని దానికి మెలకువ రాదు. అందుకని లోపల చిన్న హీటరు. మా దీపం వెలిగింది ఆ హీటరు గురించి.

మేస్త్రీ వెంటనే సెన్సారు పీకెయ్యలేదు. ఫ్యూజు చూశాడు. వైర్లు ఎక్కడైనా కాలాయేమో తడిమాడు. సైలెన్సరు గొట్టానికి పైన ఎక్కడా పగులు లేదు కదా అని చెవి పెట్టి విన్నాడు. పగులుంటే బయటిగాలి జొరబడి, మంచి సెన్సారు చేత కూడా అబద్ధం చెప్పిస్తుందిట. ఆ తర్వాత ప్లగ్గు ఊడదీసి, ఒకే రంగున్న హీటరు వైర్లు రెంటికీ మీటరు ఆనించాడు. కాసిని ఓములు చూపించాలి; మాది తెగిపోయింది, ఏమీ చూపించలేదు. ఇంజను బాగా వేడెక్కాక కూడా వోల్టేజి 0.1 దగ్గరే కూచుంది.

"ఇది గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదు అంటోంది సార్. పాపం కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తోంది." పొగగొట్టం చివర గుడ్డతో తుడిచి చూపించాడు. కాటుకలా మసి. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగితే కన్వర్టరు నిజంగానే పోయేదిట.

నేను స్టూలుమీద కూలబడ్డాను.

ఇన్నేళ్ళ వేడికి మర బిగుసుకుపోయింది. నూనె పోసి, ఇంజను కాస్త గోరువెచ్చగా వుండగా, వైరుకోసం చీలిక వున్న 22 నంబరు సాకెట్‌తో తిప్పితే కీచుమంటూ వచ్చింది. కొత్తదాని మరలకి ఏదో లేపనం రాశాడు, ముక్కుకి మాత్రం అంటనివ్వలేదు. కోడు చెరిపేశాడు. దీపం మళ్ళీ వెలగలేదు. కన్వర్టరుకి చెప్పినదాంట్లో పదోవంతు కూడా కాలేదు ఖర్చు.

పాత సెన్సారు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకెందుకూ? వెళ్ళి వాడికి చూపించండి" అంది.

వెళ్ళాను. ఓములూ వోల్టులూ అన్నీ వివరించాను. "తప్పు నాదేనోయ్" అనడానికి మాత్రం అరగంట పట్టింది. వాడు విన్నాడు. తాళంచెవులు తీసుకున్నాడు. తల్లిని చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావగారూ, మీటరు రాసుకున్నారా?"

నవ్వుతున్నాడో లేదో, ఎదురెండలో సరిగ్గా కనిపించలేదు.