ఇరవై ఒకటో సంచిక నా దగ్గరే ఉంది

ఒరేయ్ మామా,

ముప్పై ఏళ్లు దాటినా తేలని మన తగాదా ఒకటి మొన్న తేలిపోయింది. నువ్వన్నది తప్పు. నేనన్నదీ తప్పే. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని కామిక్ గుర్తుందా? అమెరికా పుస్తకం. తెలుగు మీడియం వాళ్లం, ఇంగ్లీషంటే ఆమడ దూరం పరిగెత్తేవాళ్లం. తీరా తెరిస్తే లోపల ఒక్క మాట లేదు. మాటల బుడగల్లేవు, ఢామ్ ఢిష్షుం కూడా లేవు. ‘అక్షరాలు అచ్చు కాని పుస్తకానికి మూడు రూపాయలేంటి’ అని నువ్వు ఆ పెద్దాయనతో బేరమాడి రెండున్నరకు దించావు. నీది రూపాయి, నాది రూపాయిన్నర. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

అచ్చుతప్పు కాదురా అది. ‘జి.ఐ. జో’ కామిక్ 21వ సంచిక, 1984 మార్చిది. లారీ హామా అనే ఆయన కావాలనే మాట లేకుండా నడిపించాడు. పేర్లు తెలియక మనం వాళ్లను నల్లముసుగు, తెల్లముసుగు అనుకున్నాం. కోటలో బందీగా ఉన్న అమ్మాయి కోసం నల్లముసుగు వెళ్తాడు. ఆయన చేరేలోపే ఆ అమ్మాయి తన దారి తనే చూసుకుంటూ ఉంటుంది. మనకు బాగా నచ్చింది అదే కదా. ఇక చివర్లో ఆ బొమ్మ. నల్లముసుగు చేతి మీద, అచ్చం శత్రువుల వైపున్న తెల్లముసుగు చేతి మీదున్నటువంటి పచ్చబొట్టు! అక్కడితో అయిపోయింది.

తగాదా మొదలైంది కూడా అక్కడే. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన అన్నదమ్ములన్నావు నువ్వు. మన సినిమాల్లో పచ్చబొట్టు కనబడిందంటే మరో అర్థమే లేదన్నావు. ఇద్దరూ ఒకే జైల్లో ఖైదీలని నేను. తర్వాతి సంచికల కోసం ఎన్ని ఆదివారాలు ఆ ఫుట్‌పాత్ జల్లెడ పట్టామో! దొరకలేదు.

మొన్న దొరికాయి. 26, 27. ‘స్నేక్ ఐస్’ పుట్టుపూర్వోత్తరాలు ఆ రెండింట్లో చెప్పారు. నల్లముసుగు పేరు అదే. తెల్లముసుగు స్టార్మ్ షాడో. ఆరు అడ్డగీతల ఆ గుర్తు చైనావాళ్ల ‘ఈ చింగ్’ గ్రంథం లోది. అరాషికాగే అనే జపాన్ నింజా కుటుంబం దాన్ని తమ గుర్తుగా పెట్టుకుంది. స్టార్మ్ షాడోకు అది పుట్టుకతో వచ్చిన ఇంటిగుర్తు. స్నేక్ ఐస్‌కు ఆ ఇంట్లో చేరాక వచ్చింది. అంటే అన్నదమ్ములు కారు గానీ, ఒకే గడప. నీకు సగం మార్కులు వేస్తున్నాను. జైలు నాదే, సున్నా.

ఆ గడప ఎలా దొరికిందంటే, వియత్నాం యుద్ధంలో ఇద్దరూ ఒకే గస్తీ దళం. శత్రువుల అడవిలో రోజుల తరబడి నడిచి సమాచారం తెచ్చే పని. ఒకసారి అందరూ చిక్కుకుపోతారు. స్నేక్ ఐస్ తూటాలు తిని పడిపోతాడు. హెలికాప్టర్ వచ్చేసింది. దళం నాయకుడు స్టాకర్, ‘వాడు పోయాడు, వదిలేసి ఎక్కు’ అని ఆజ్ఞాపిస్తాడు. స్టార్మ్ షాడో వినడు. వెనక్కి పరిగెత్తి భుజాన వేసుకుని తెస్తాడు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్టాకర్ చెడ్డవాడు కాదురా. మిగతావాళ్లను బతికించుకోవాలి, అంతే. ఆ ఆజ్ఞ తప్పని హామా ఎక్కడా అనడు. ఆయన స్వయంగా వియత్నాంలో అమెరికా సైన్యం ఇంజినీరింగ్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి, జపాన్ సంతతివాడు. ఆ జాగ్రత్త అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

స్నేక్ ఐస్ యుద్ధం ముగించుకుని ఇంటికొస్తే విమానాశ్రయంలో ఇంటివాళ్లు ఉండరు. హాక్ అనే అధికారి ఉంటాడు. కొడుకును తీసుకురావడానికి బయల్దేరిన కుటుంబం, కవల సోదరితో సహా, కారు ప్రమాదంలో పోయింది. ఇక వెళ్లడానికి ఇల్లు లేక స్నేహితుడి ఇంటికి, జపాన్‌కు వెళ్తాడు. (ఆ ప్రమాదంలో రెండో కారు నడిపినవాడు సాక్షాత్తూ ప్రతినాయకుడి అన్నేనట. ఇది నాకు నచ్చలేదు. లోకంలో ఉన్న కార్లన్నీ ఒకే కథలో గుద్దుకోవాలా? నువ్వైతే ఈలేసేవాడివి.)

ఆ ఇంట్లో గురువు చనిపోతాడు. గుచ్చుకున్న బాణం స్టార్మ్ షాడోది. అతను ఆ రాత్రే మాయం. హంతకుడు వేరే అని, అతన్ని పట్టుకోవడానికే స్టార్మ్ షాడో శత్రువుల్లో చేరాడని తేలడానికి ఇంకా బోలెడు సంచికలు పడతాయి. ఈలోగా స్నేక్ ఐస్ కొండల్లో ఒంటరిగా గుడిసె వేసుకుంటాడు. స్టాకర్, హాక్ వెళ్లి తీసుకొస్తారు. తర్వాత హెలికాప్టర్ ప్రమాదం. బెల్టులో ఇరుక్కున్న స్కార్లెట్‌ను, అదేరా, కోటలోని అమ్మాయిని, విడిపించడానికి ఆగి, పేలిన మంటలకు ముఖం, గొంతు పోగొట్టుకుంటాడు.

అసలు ఆ నలుపు ఎలా వచ్చిందో తెలిస్తే నవ్వుతావు. 1982లో హాస్‌బ్రో కంపెనీ ఈ బొమ్మల్ని తయారుచేస్తూ, రంగుల ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక బొమ్మను ఉత్త నల్ల ప్లాస్టిక్‌గా వదిలేసింది. మిగిలిన బొమ్మలకు కళ్లూ మీసాలూ, దీనికి ఏమీ లేదు. ఏమీ లేని ఆ బొమ్మకు హామా ఇంత దుఃఖం సమకూర్చాడు.

ఇంత చెప్పాక కూడా హామా స్నేక్ ఐస్ ముఖం చూపించలేదు. అసలు పేరు చెప్పలేదు. ముసుగు వెనక ఏముందో ఇక తెలిసిపోతుందని ఎదురుచూసే పాఠకుడికి, ముసుగు ఎందుకుందో మాత్రం చెప్పి పంపాడు. ఇంకో తమాషా, తన కథ ఆ మనిషి చెప్పడు. స్టాకర్‌కు వియత్నాం తెలుసు. హాక్‌కు విమానాశ్రయం తెలుసు. ఎవరి ముక్క వాళ్లు తెచ్చి కలిపితే మనిషి తయారవుతాడు, అతుకులతో సహా. 2021లో ఇదే కథ అంటూ సినిమా తీశారు. హెన్రీ గోల్డింగ్ అందంగానే ఉన్నాడు గానీ ముఖమూ చూపించాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. గంటకే నాకు ఆవలింతలు.

ఇదంతా ఇప్పుడెందుకంటావా? కిందటి నెల మీవాడు ఫోన్ చేశాడు. నా నంబరు ఎలా సంపాదించాడో చెప్పలేదు. ‘అంకుల్, నాన్న చిన్నప్పుడు ఎలా ఉండేవాడు? ఆయనైతే ఏమీ చెప్పడు’ అన్నాడు. నేను పదో తరగతి దాకా చెప్పాను. ఫుట్‌పాత్ బేరం, గోడ దూకి పట్టుబడ్డ రోజు, తాతయ్య స్కూటర్ సంగతి. మీ నాన్న పోయిన మూడో వారానికి నువ్వు ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలావు. అక్కడ నా కథ ఆగిపోయింది. ‘ఆ తర్వాత?’ అన్నాడు పిల్లాడు. ఆ తర్వాతి సంచిక నా దగ్గర లేదన్నాను. వాడికి అర్థమైనట్టు లేదు.

ఆ కామిక్ 155 సంచికలు నడిచి 1994లో ఆగింది. ఆఖరి సంచిక ఏమిటో తెలుసా? గొంతు లేని ఆ మనిషి, సైన్యంలో చేరనా వద్దా అని అడిగిన కుర్రాడికి రాసిన ఉత్తరం. అది చదివి పుస్తకం మూసి, నేనూ కాగితం తీశాను.

26, 27 మీవాడి చేత పంపుతున్నాను. ఇంగ్లీషు మరీ కష్టమేం లేదు, ఇప్పుడు నీకు వస్తుందిగా. 21 మాత్రం పంపను. అందులో రూపాయి వాటా నీది, కాదనను. వచ్చి తీసుకో.

నీ
తెల్లముసుగు