ఇరవై రెండో బార్ దాకా

షూమన్ 'ట్రాయ్‌మెరాయ్' కాగితం మీద చాలా తేలిగ్గా కనిపిస్తుంది. మొత్తం 24 బార్లు. 1838లో ఆయన 'కిండర్‌త్సేనెన్' పేరుతో రాసిన 13 చిన్న రచనల్లో ఇది ఏడోది. పేరుకి బాల్యదృశ్యాలే అయినా పిల్లలు వాయించడానికి రాసినవి కావు, పెద్దయ్యాక బాల్యాన్ని తలుచుకునేవాళ్ళ కోసం. ఆఫీసు అయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, 88 మెట్ల డిజిటల్ పియానో ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే నాలాంటి వాడు కూడా కొన్ని నెలలు కష్టపడితే తడబడకుండా చివరిదాకా రావచ్చు. వచ్చాక తెలుస్తుంది, అసలు పని ఇంకా మొదలవలేదని.

ఇందులో ఉన్నది ఒకే ఒక్క పలుకు. స్వరాల్లో చెప్పుకుంటే సులువు. కింది పంచమం నుంచి షడ్జానికి వచ్చి కాసేపు ఆగుతుంది. తర్వాత ని స గ ప అంటూ మెట్లెక్కి పై షడ్జం మీద నిలబడుతుంది. అక్కణ్ణుంచి నెమ్మదిగా దిగుతుంది. రెండోసారి అదే ఎక్కడం, కానీ ఈసారి పై షడ్జం కూడా దాటి గాంధారం దాకా వెళ్తుంది. రిపీట్‌తో కలిపి ఈ పలుకు ఎనిమిదిసార్లు వస్తుంది. మధ్యలో వేరే శ్రుతుల్లోకి వెళ్ళి తిరిగొస్తుంది. చిట్టచివర 22వ బార్‌లో మళ్ళీ అదే పై గాంధారం. మెట్టు అదే, కింద మోగే కార్డ్ మాత్రం కొత్తది, వెలుతురు మారినట్టుంటుంది. దాని మీద షూమన్ ఫెర్మాటా గుర్తు పెట్టాడు. అంటే, ఇక్కడ ఆగు అని. అక్కణ్ణుంచి రెండు బార్లలో అయిపోతుంది.

అభిరుచి అనే మాటకి నాకు దొరికిన అత్యంత ఖచ్చితమైన ఉదాహరణ ఇదే. 6వ బార్‌లో ఆ గాంధారం మొదటిసారి తగిలినప్పుడు చాలా అందంగా ఉంటుంది. వేలికి తెలుస్తుంది ఆ అందం. కొంచెం ముందు ఆగి, కొంచెం గట్టిగా నొక్కి, 'చూశారా' అనాలనిపిస్తుంది. అలా అన్నవాళ్ళ రికార్డింగులు యూట్యూబ్‌లో కొల్లలు. ఆ క్షణం నిజంగానే బాగుంటుంది. సమస్యల్లా, 22వ బార్ వచ్చేసరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగలదు. నిగ్రహం అంటే భావం లేకపోవడం అనుకుంటాం గానీ, ఇక్కడ అది పచ్చి లెక్క. ముందున్న ఖర్చు తెలిసినవాడి పొదుపు.

లెక్క అన్నాను కాబట్టి ఇంకోటి. షూమన్ ఈ రచనకి పెట్టిన మెట్రోనోమ్ గుర్తు నిమిషానికి 100. రిపీట్‌తో కలిపి 32 బార్లు, బార్‌కి నాలుగు చొప్పున 128 బీట్లు. మధ్యలో నెమ్మదించే చోట్లు వదిలేస్తే ఒక నిమిషం 17 సెకన్లలో అయిపోవాలి. ఆయన పోయాక భార్య క్లారా తయారుచేసిన ప్రతిలో దాన్ని 80కి తగ్గించింది. అప్పటికీ నిమిషం 36 సెకన్లే. మనం వినే ప్రదర్శనలు చాలావరకు రెండున్నర, మూడు నిమిషాలుంటాయి. షూమన్ మెట్రోనోమే సరిగ్గా పనిచేసేది కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు. అది వదిలేసినా, నెమ్మదిగా వాయించడాన్ని మనం గౌరవం కింద, లోతు కింద జమకట్టేస్తాం. ప్రతి నోటునీ కళ్ళకద్దుకుంటూ పోవడం కూడా ఒక రకం విలాసమే. పేరు పగటికల. కల ఎప్పుడైనా తన అందాన్ని తానే ఆగి చూసుకుంటుందా?

ఇన్ని చెప్పి, నాకు బాగా ఇష్టమైన 'ట్రాయ్‌మెరాయ్' నెమ్మదైనదే అని చెప్పాలి. 1925లో సోవియట్ యూనియన్ వదిలి వెళ్ళిన హొరోవిట్జ్, 1986 ఏప్రిల్‌లో, 82 ఏళ్ళ వయసులో, మాస్కో తిరిగొచ్చి కచేరీ చేశాడు. పిడుగుల్లాంటి ఆక్టేవులకి పేరుపడ్డ మనిషి. ఆ మనిషి ఎన్‌కోర్‌గా ఇది వాయించాడు. వీడియోలో ప్రేక్షకుల్లో ఒకాయన చెంప మీద కన్నీటి చుక్క జారడం కనిపిస్తుంది. హొరోవిట్జ్ ముఖంలో మాత్రం ఏమీ ఉండదు. వేళ్ళు మెట్లని దాదాపు వదలవు. ఊరు వదిలిన అరవై ఏళ్ళనీ అందులోకి దించే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది. ఆయన దించలేదు. ఆ పని వినేవాళ్ళకి వదిలేశాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు మొదటినుంచీ ఎంతో పద్ధతిగా, పెద్దమనిషి తరహాలో వాయించుకొస్తారు. 22వ బార్ వస్తుంది. అక్కడ కూడా అంతే మర్యాదగా తలూపి దాటేస్తారు. పొదుపు చేసింది ఎక్కడో ఒకచోట ఖర్చుపెట్టకపోతే దాన్ని పిసినారితనం అంటాం. సంగీత సమీక్షల్లో మాత్రం 'సంయమనం' అని మెచ్చుకుంటాం. నేనూ ఆ మాట వాడేవాళ్ళలో ఒకణ్ణే కాబట్టి, అది ఎక్కడ పొగడ్తో, ఎక్కడ ముసుగో చూసుకోవాల్సిన అవసరం నాకుంది.

ఇది నాకు సంగీతం దగ్గరే ఆగిపోయే ప్రశ్న కాదు. నాలుగేళ్ళ క్రితం నాన్న పోయినప్పుడు మా మేనత్త పదకొండు రోజులూ వంటింటి బాధ్యత మోసింది. ఎవరు ఎప్పుడొచ్చినా కాఫీ, అన్నం. కంట తడి లేదు. సొంత అన్న పోతే ఇంత గట్టిగా ఎలా ఉందో అని చుట్టాలు గుసగుసలు పోయారు. పెద్దకర్మ అయ్యి, అందరూ బస్సులెక్కాక, తలుపు వెనక మేకుకి తగిలించిన నాన్న బజారు సంచీ ఉతుకుదామని తీసి దులిపింది. అడుగున ఎండిపోయిన కరివేపాకు రెబ్బ రాలింది. అత్తయ్య గడప మీద కూలబడిపోయి ఏడ్చిన ఏడుపు వీధి చివరికి వినిపించింది. ఆ ఏడుపుని ఎవరూ అనుమానించలేదు. మొదటి రోజే ఏడ్చి ఉంటే అది పదిమందిలో ఒక గొంతయ్యేది.

అప్పుడు అందరూ నన్ను కూడా 'గట్టివాడు' అన్నారు. అత్తయ్య దగ్గర ఉన్నది ఏమిటో నాకు తెలుసు. నా దగ్గర ఉన్నది పొదుపో, పిసినారితనమో ఇంకా తేలలేదు. రికార్డింగుల్లో నిగ్రహాన్ని వెతికి వెతికి మెచ్చుకునేది సంగీతం కోసమా, నన్ను నేను సమర్థించుకోవడానికా అన్న అనుమానం అప్పుడప్పుడూ వస్తుంది. అందుకే ఇప్పుడు ఎవరి వాయింపు విన్నా ముందు 22వ బార్ కోసం చూస్తాను. అక్కడ చెయ్యి విప్పినవాళ్ళ పొదుపునే నమ్ముతాను.

వాయించేటప్పుడు అది ఇంకా కష్టం. ఫెర్మాటా గుర్తు ఆగమని చెప్తుంది, ఎంతసేపని చెప్పదు. మెట్రోనోమ్ అక్కడ పనికిరాదు. డిజిటల్ పియానోలో నొక్కిపట్టిన నోటు కూడా నెమ్మదిగా సన్నగిల్లుతూ పోతుంది. అది పూర్తిగా చచ్చిపోకముందే కిందికి దిగాలి. మరీ ముందే దిగితే మొహమాటం, మరీ ఆలస్యమైతే నటన. రాత్రికి ఓ పదిసార్లు వాయిస్తాను. పదిసార్లూ వేరే వేరే చోట దిగుతాను.